గడియారం ఆపింది ఎవరో నాకు తెలుసు, చెప్పాలా?

ఈసారి ఉత్తరం రాసినది హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఇరవై ఏడేళ్ల యువకుడు. ఇంజనీరింగ్ కాలేజీ రోజుల నుంచి వీళ్లు ఐదుగురు స్నేహితులు. జపాన్ యానిమే సిరీస్‌లంటే అందరికీ ఇష్టం, అందులోనూ ‘స్పేస్ బ్రదర్స్’ అంటే ప్రాణం. ఆ కథలో వ్యోమగాములు కాగోరే పదిహేను మందిని ఐదుగురేసి చొప్పున మూడు జట్లు చేసి, రెండు వారాలపాటు బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా మూసి ఉంచి పరీక్షిస్తారు. మధ్యలో ఒకరికి ‘గ్రీన్ కార్డు’ మీద రహస్య ఆదేశం అందుతుంది, ఆ మనిషి తోటివారికి తెలియకుండా ఏదో ఒక చికాకు సృష్టించాలి. ఆఖరి రోజున ఆ ఐదుగురే తమలోంచి వ్యోమగాములు కాదగిన ఇద్దరిని ఎంచి చెప్పాలి.

ఈ పరీక్షను తామూ ఆడి చూద్దామని దసరా సెలవుల్లో శంకర్‌పల్లి వైపు ఒక బంధువుల మామిడి తోటలో ఉన్న ఇంట్లో ఐదు రోజులు తలుపులు వేసుకుని ఉన్నారు. ఫోన్లు, చేతి గడియారాలు ఒక స్టీలు డబ్బాలో పెట్టారు, కిటికీలకు దుప్పట్లు కట్టారు, గోడ గడియారం ఒక్కటి ఉంచుకున్నారు. కలిపేసిన కందిపప్పు, పెసరపప్పు, మినప్పప్పులను గింజ గింజగా వేరు చేయడం వంటి విసుగు పుట్టించే పనులు పెట్టుకున్నారు. బయలుదేరే ముందే ఒక మిత్రుడు, మనలో మనకు అనుమానాలు వద్దు, గ్రీన్ కార్డులు మాత్రం పెట్టవద్దని కోరాడు, అందరూ సరేనన్నారు. ఆట రూపకల్పన మాత్రం ఉత్తరం రాసినవారిదే. కార్డు లేకపోతే చప్పగా ఉంటుందనిపించి, ఎవరికీ చెప్పకుండా ఇంకొక మిత్రుడి చేతిలో ఒక కవరు పెట్టారు: రెండో రాత్రి గడియారం ఆపు, ఎవరు అడిగినా ఒప్పుకోకు.

మూడో రోజు నిందంతా కార్డు వద్దన్న మిత్రుడి మీదే పడింది. రాత్రి అతను లేచి తిరగడం ఒకరు చూశారు. వాళ్ల నాన్నగారి హెచ్‌ఎంటీ గడియారాన్ని డబ్బాలో వేయడానికి మొదటి రోజు అతను తటపటాయించిన సంగతి ఇంకొకరికి గుర్తొచ్చింది. అమ్మ మీద ఒట్టు వేసినా ఎవరూ నమ్మలేదు. ఆఖరి రోజున తలా ఇద్దరి పేర్లు రాయగా, మొత్తం పది ఓట్లలో అతనికి ఒక్కటీ రాలేదు. తెల్లవారకముందే ఫోను ఒక్కటి తీసుకుని వెళ్లిపోయాడు, నాన్నగారి గడియారం డబ్బాలోనే ఉండిపోయింది. వాట్సాప్ గ్రూపులోంచి తప్పుకున్నాడు. ఒక్క మెసేజీ మాత్రం పెట్టాడట: నాకు నిద్ర పట్టడం లేదు, ఐదు రోజులకే ఏడ్చినవాణ్ని ఇక వ్యోమగామి కావాలని ఏ ముఖంతో అనుకోను అని. ఎం.టెక్. చేసి పరిశోధన రంగంలో ఉన్న అతనికి అది చిన్నప్పటి నుంచీ ఉన్న కోరిక.

కార్డు అందుకున్న మిత్రుడికి వచ్చే నెల పెళ్లి. మిగిలిన ఇద్దరిలో ఒకరు పెళ్లికూతురికి అన్న వరస అవుతారు. అందువల్ల, ఆట ఆటలోనే పోయింది, ఇప్పుడు తవ్వవద్దని ఆ పెళ్లికొడుకు బతిమాలుతున్నాడు. ఉత్తరంలో మూడు ప్రశ్నలున్నాయి. నిజం చెప్పాలా, చెబితే ఎవరికి, ఎలా చెప్పాలి? ఆ మిత్రుడు నిజంగానే మానసికంగా బలహీనుడా? సిరీస్‌లో అంతరిక్ష సంస్థ చేసిందే మేమూ చేశాం కదా, అందులో తప్పేముంది?

మూడో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా రెండింటికీ దారి అక్కడి నుంచే ఉంది.

సంస్థ చేసినదే మీరు చేయలేదు. సిరీస్‌ను ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఆ గదుల్లో కెమెరాలున్నాయి, బయట రాత్రింబవళ్లు చూసే పరీక్షకులున్నారు. కార్డు ఎవరికి వెళ్లిందో, దాని మీద ఏముందో వాళ్లకు తెలుసు. కాబట్టి గడియారం పగిలినా, నిద్ర చెడినా, పగలగొట్టినది ఎవరన్నది వాళ్లకు ప్రశ్న కానే కాదు. కారణం తెలియని నష్టం ఎదురైనప్పుడు ఈ ఐదుగురు ఒకరితో ఒకరు ఎలా ఉంటారు, ఎవరు వెంటనే వేలు చూపుతారు, ఎవరు మధ్యలో నిలబడి మాట మారుస్తారు, ఎవరు మౌనంగా పని కొనసాగిస్తారు అన్నదే వాళ్లు చూసేది. అక్కడ పరీక్షకు గురయ్యేది కార్డు అందుకున్నవాడికన్నా ఎక్కువగా చుట్టూ ఉన్న నలుగురు. మీ తోట ఇంట్లో ఆ బయటి కన్ను లేదు. ఉండవలసిన ఒక్క పరీక్షకుడూ, అంటే మీరు, లోపల కూర్చుని పప్పు ఏరుతున్నారు. ఒకరిని నలుగురూ దోషిని చేస్తుంటే, అతను కాదని తెలిసిన మీరు చూస్తూ ఊరుకున్నారు, అభ్యర్థిగా ఓటు కూడా వేశారు. మీ చీటీలో కూడా అతని పేరు లేదని ఉత్తరంలో మీరే ఒక ముక్కలో రాసి వదిలేశారు. నాకు మాత్రం ఉత్తరం మొత్తంలో అన్నిటికన్నా బరువైన వాక్యం అదే అనిపించింది.

రెండో తేడా అంగీకారం. ఆ అభ్యర్థులకు తాము పరీక్షలో ఉన్నామని తెలుసు. ఇంటర్వ్యూలో కూర్చునే కుర్చీ స్క్రూ వదులుగా ఉంచడం కూడా పరీక్షలో భాగమయ్యే చోటికి వాళ్లు ఇష్టపడి వచ్చారు (పై అధికారిని తలతో కుమ్మి ఉద్యోగం పోగొట్టుకున్న కథానాయకుడు ముత్తా ఆ స్క్రూను పట్టించుకోవడమే ఆ కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం). మీ మిత్రుడు కార్డులు ఉండకూడదన్న షరతు మీద వచ్చాడు, మీరు ఒప్పుకున్నారు. కాబట్టి గడియారం ఆగినప్పుడు ఇది ఆటలో భాగమై ఉండవచ్చు అనుకునే వెసులుబాటు అతనికి లేకుండా పోయింది. మిగిలిన ఇద్దరికీ లేదు. కార్డు ఉండవచ్చని తెలిసి ఉంటే బహుశా వాళ్లు కూడా అంత గట్టిగా అతని మీద పడేవారు కారు. మనస్తత్వ పరిశోధనల్లో కూడా కొన్నిసార్లు పాల్గొనేవారికి ముందుగా నిజం చెప్పరు. అయితే దానికి నియమాలున్నాయి: ఎప్పుడైనా లేచి వెళ్లిపోయే హక్కు ఇవ్వాలి, పని ముగిసిన వెంటనే కూర్చోబెట్టి జరిగినదంతా విప్పి చెప్పాలి, వచ్చినప్పటి మనసుతో ఇంటికి వెళ్లేలా చూడాలి. మీ ఆటలో ఆ చివరి అంకం ఇంకా జరగలేదు. అందువల్ల ఆట ఆటలోనే పోయిందన్న పెళ్లికొడుకు మాట సరికాదు, మీ ఆట ఇంకా ముగియనేలేదు.

నిపుణులు నడిపే చోట కూడా ఇలాంటివి చెడిపోయిన ఉదాహరణ ఒకటి చెబుతాను. 1999-2000లో మాస్కోలోని వైద్య జీవశాస్త్ర సమస్యల సంస్థలో, అంతరిక్ష కేంద్రాన్ని పోలిన గదుల్లో వేర్వేరు దేశాలవారిని నెలల తరబడి ఉంచి అధ్యయనం చేశారు. నూతన సంవత్సర వేడుకలో ఇద్దరు కొట్టుకున్నారు, కెనడాకు చెందిన ఒక శాస్త్రవేత్త తన ఇష్టానికి విరుద్ధంగా ఒకరు ముద్దు పెట్టారని ఫిర్యాదు చేశారు. ఆ తరువాత జపాన్ నుంచి వచ్చిన సభ్యుడు అధ్యయనాన్ని మధ్యలోనే వదిలి వెళ్లిపోయాడు. లోపలివాళ్లకు జరిగిన అన్యాయాన్ని బయటివాళ్లు తేలిగ్గా తీసుకున్నారన్న విమర్శ ఈనాటికీ వినిపిస్తుంది. మూసిన గదిలో మనిషిని నిలబెట్టేది బయట ఉన్నవాడు న్యాయంగా చూస్తున్నాడన్న నమ్మకం. మీ మిత్రుడికి ఆ బయటివాడు లేడు.

ఇక అతను బలహీనుడా అన్న ప్రశ్న. ఐదు రోజుల తోట ఇల్లు ఆ సంగతి చెప్పలేదు. అసలు వ్యోమగాముల మానసిక పరీక్ష దేన్ని వెతుకుతుందో కాస్త వివరంగా చెప్పడం అవసరం, ఎందుకంటే మీ ఐదుగురూ దాన్ని తట్టుకునే బలాన్ని కొలిచే పోటీగా అర్థం చేసుకున్నట్టు కనిపిస్తోంది. నిపుణులు అందులో రెండు వేర్వేరు పనులు చూస్తారు. మొదటిది, చికిత్స అవసరమైన మానసిక రుగ్మతలు ఉన్నాయేమో చూసి పక్కన పెట్టడం. రెండోది, ఆరోగ్యంగా ఉన్నవారిలోనే ఈ పనికి, ఈ జట్టుకు, ఇన్ని నెలల కాలానికి ఎవరు నప్పుతారో ఎంచడం. రెండో దాంట్లో తప్పిపోయినవాడు లోపం ఉన్నవాడని అర్థం కాదు.

నిజమైన జపాన్ ఎంపికనే తీసుకోండి. 2008లో ఆ దేశపు అంతరిక్ష సంస్థ జాక్సా ప్రకటనకు 963 మంది దరఖాస్తు చేశారు. ఆఖరి దశకు చేరిన పది మందిని 2009 జనవరిలో త్సుకుబాలోని ఏకాంత గదుల్లో వారం రోజులు ఉంచారు. వాళ్లకు ఇచ్చిన పనుల్లో ఒకటి కాగితపు కొంగలు మడవడం, అందరూ కలిసి వెయ్యి. మడిచిన వరసలోనే వాటిని దారానికి గుచ్చించి, మొదటి కొంగకూ ఆఖరి కొంగకూ మధ్య ముక్కు, రెక్కల మడతలు ఎంత చెడ్డాయో చూశారు. తొందర, అలసట, ఎవరో చూస్తున్నారన్న ఒత్తిడి మడతల్లోకి దిగుతాయి కదా. మీరు పెట్టుకున్న పప్పుల పని నిజానికి దీనికి దగ్గరగా ఉన్న మంచి ఆలోచన. ఆఖరి రోజున ఎవరి గిన్నెలో ఎన్ని మినపగింజలు కలిసిపోయాయో చూసి ఉంటే గడియారం ఆపినదానికన్నా చాలా ఎక్కువ తెలిసేది. ఆ పది మందిలోంచి ఓనిషి తకుయా, యుయి కిమియాలను ఎంచారు, అదే ఏడాది తరువాత కనాయ్ నోరిషిగేను చేర్చారు. ముగ్గురూ 2015 నుంచి 2017 మధ్య ఒకరి తరువాత ఒకరు అంతరిక్ష కేంద్రానికి వెళ్లారు. మిగిలిన ఏడుగురు బలహీనులని ఎవరూ అనలేదు.

పరీక్షలు పొరబడవచ్చు కూడా. 1959లో అమెరికా తన తొలి వ్యోమగాముల కోసం జరిపిన మెర్క్యురీ ఎంపికలో సిరామరకలు చూపి ఏం కనిపిస్తోందని అడిగే పరీక్షల దగ్గర నుంచి చీకటి గదిలో ఒంటరిగా కూర్చోబెట్టే పరీక్షల దాకా పెట్టారు. ఖాళీ కార్డు ఒకటి చూపి ఏం కనిపిస్తోందంటే, దీన్ని తలకిందులుగా పెట్టారని పీట్ కాన్రాడ్ అనే అభ్యర్థి జవాబిచ్చాడని ఒక కథ చెప్పుకుంటారు. ఆ ఏడాది ఆయన్ను తీసుకోలేదు, దీర్ఘకాల యాత్రకు తగడని కాగితం మీద రాశారని కూడా అంటారు. 1962లో తీసుకున్నారు. 1969లో అపోలో 12 నాయకుడిగా చంద్రుడి మీద నడిచిన ఆయన, 1973లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్‌లో 28 రోజులున్న మొదటి జట్టుకు నాయకుడయ్యాడు. క్లేటన్ ఆండర్సన్ అనే వ్యోమగామి నాసాకు పదిహేను సార్లు దరఖాస్తు చేస్తే పదిహేనోసారి, 1998లో తీసుకున్నారు.

చేయని తప్పుకు నలుగురు స్నేహితులు ఏకమై దోషివన్నప్పుడు ఏడవడం ఏ పరీక్షలోనూ తప్పుగా లెక్కకు రాదు. నేనైతే ఇంకొకటి గమనిస్తాను. నింద పడ్డాక కూడా అతను మూడు, నాలుగు, ఐదు రోజులు లోపలే ఉన్నాడని, తన వంతు వంట తానే చేశాడని మీరు రాశారు. వెళ్లేటప్పుడు గొడవ పడకుండా వెళ్లాడు. అది బలహీనుడి నడవడిలా నాకు కనిపించదు. అతని కోరికకు ముందున్న అసలు అడ్డంకి వేరు: గగన్‌యాన్ కోసం 2024 ఫిబ్రవరి 27న పేర్లు ప్రకటించిన నలుగురూ వాయుసేన పైలట్లే. అతను ఆలోచించవలసింది దాని గురించి, మీ ఓట్ల గురించి కాదు.

ఇప్పుడు చెప్పడం సంగతి. మీ ముందు నాలుగు దారులున్నాయి, ఏదీ ఖర్చు లేనిది కాదు.

ఊరుకోవడం ఒకటి. అలా చేస్తే ఆ మిత్రుడు పెళ్లికి రాడు, మిగిలిన ఇద్దరూ అతను తప్పు చేసి ముఖం చాటేశాడనే అనుకుంటారు, ఆ నమ్మకం ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది. ఎప్పుడో ఒకరోజు పెళ్లికొడుకే ఏ సరదా సాయంత్రమో నవ్వుతూ బయటపెడతాడు. అప్పుడు మీ మౌనానికి ఇన్నేళ్ల వడ్డీ కలుస్తుంది. ఈ దారి మీద నాకు ఏమాత్రం ఇష్టం లేదని దాచను.

అతనికి ఒక్కడికే రహస్యంగా చెప్పడం రెండోది. అతని నిద్రకు ఇది వెంటనే అవసరమైన మందు. కానీ చెప్పి, ఎవరితోనూ అనకు అని కోరితే మీరు అతనికి ఇంకొక గ్రీన్ కార్డు ఇచ్చినట్టే అవుతుంది. తనను దోషి అన్నవాళ్ల మధ్య నిజం తెలిసీ నోరు మూసుకుని నిలబడమనడం మొదటి దెబ్బకన్నా చిన్నదేమీ కాదు. చెబితే షరతు లేకుండా చెప్పాలి.

మూడోది మీకు తోచి, ఉత్తరం చివర అడిగినది: కార్డు ఉందని, అది ఫలానావాడి దగ్గర లేదని అందరికీ చెప్పి, ఎవరి దగ్గర ఉందో మాత్రం చెప్పకుండా ఉంటే? ఆలోచన మంచిదే కానీ లెక్క కుదరదు. మీరు ఐదుగురు. మీరు కాదు, అతను కాదు అన్నాక మిగిలేది ముగ్గురు. ఆ ముగ్గురిలో నిర్దోషులైన ఇద్దరూ తమ సంగతి తమకు తెలుసు గనుక, ఎదుటి ఇద్దరిలో ఒకరని ఆ క్షణమే తేల్చుకుంటారు. వాళ్లిద్దరూ ఒకసారి ఫోనులో మాట్లాడుకుంటే పెళ్లికొడుకు పేరు బయటపడిపోతుంది. అంటే పేరు దాచానని మీరు అనుకుంటారు, అతనికి మాత్రం మీరు చెప్పకుండా పట్టించినట్టు ఉంటుంది. పైగా ఆ కాసేపు ఇంకొక అమాయకుడి మీద అనుమానం వాలుతుంది. ఈ దారిలో వెళ్లదలిస్తే పెళ్లికొడుకుకు ముందే చెప్పి వెళ్లండి.

నాలుగోది, కార్డు అందుకున్నవాడే స్వయంగా చెప్పడం. అతను చెబితే అందరికీ గౌరవంగా ఉంటుంది. కానీ అతను చెప్పేదాకా ఆగుతానంటే మీ బాధ్యత అతని మీద వేసినట్టు. అతని భయాన్ని కొట్టిపారేయవద్దు, కాబోయే బావమరిది ముందు అబద్ధమాడినవాడిగా తేలడం ఎవరికైనా కష్టమే. అయితే ఆ భయంలో సగం మీరు తీర్చగలరు. అతను చేసినది మీరు రాసిన కాగితం ప్రకారం చేశాడు. ఒప్పుకోవద్దన్న మాట కూడా మీ చేతిరాతలోనే ఉంది. కాబట్టి అతని పేరు వచ్చే ముందు మీ పేరు రావాలి: కార్డులు పెట్టనని మాటిచ్చి తప్పాను, ఆదేశం నేనే రాశాను, అతను కాదని తెలిసి కూడా ఊరుకున్నాను, చీటీలో అతని పేరు రాయలేదు. ఈ నాలుగు వాక్యాలు మీరు ముందే చెప్పేస్తే గడియారం ఆపిన చెయ్యి ఎవరిదన్నది అంత పెద్ద విషయంగా మిగలదు.

నా మొగ్గు ఇలా ఉంది. ముందు పెళ్లికొడుకును కలిసి, నేను ఫలానా రోజున చెప్పబోతున్నాను, నీ అనుమతి కోసం రాలేదు, నువ్వు ముందు చెబుతావా, నేను చెప్పాక నువ్వు మాట కలుపుతావా అన్నది మాత్రం నీ ఇష్టం అనండి. నాలుగైదు రోజులకు మించి గడువు ఇవ్వకండి, పెళ్లి పందిట్లో ఈ పంచాయితీ పెట్టకండి. తరువాత నింద మోసిన మిత్రుడి దగ్గరకు వెళ్లండి, అందరికన్నా ముందు అతనికి తెలియాలి. మిగిలిన ఇద్దరికీ ఎలా, ఎవరు చెప్పాలో అతన్నే నిర్ణయించమనండి. ఐదు రోజుల్లో అతని చేతిలో లేనిది అదే. పెళ్లికొడుకు కోపంతో మీతో మాట మానేయవచ్చు, ఆ మిత్రుడు విని కూడా క్షమించకపోవచ్చు. ఈ రెండూ జరగవచ్చని తెలుసుకునే వెళ్లండి.

అతనితో మాట్లాడేటప్పుడు సిరీస్ ప్రస్తావన తేకండి. అందులో ముత్తా జట్టు ఇద్దరిని ఎంచవలసి వచ్చినప్పుడు, ఎవరినీ తక్కువవాడని అననవసరం లేకుండా రాయి, కాగితం, కత్తెర ఆటతో తేల్చుకుందామని అతను అన్నది మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఆలోచన మాకెందుకు రాలేదో అని మీరు చెప్పుకోవచ్చు గానీ, ఈ సమయంలో అతనికి అది వినాలని ఉండదు. ఓటింగు మళ్లీ పెడదామని, ఈసారి నీకే వేస్తామని కూడా అనకండి. ఇన్ని వారాల తరువాత కూడా నిద్ర సరిగా లేదంటే, మీ క్షమాపణతోనే అంతా సర్దుకుంటుందని అనుకోకుండా, కౌన్సెలర్‌ను కలిసే విషయం మెల్లగా ఎత్తండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416కు తెలుగులో కూడా మాట్లాడవచ్చు.

స్టీలు డబ్బాలో ఉండిపోయిన గడియారాన్ని కొరియర్‌లో పంపిద్దామనుకుంటున్నానని రాశారు. పంపకండి. వెళ్లేటప్పుడు మీ జేబులో పెట్టుకుని వెళ్లండి, కీ ఇచ్చే రకమైతే ముందే కీ ఇచ్చి, సమయం సరిచేసి, మాట మొదలుపెట్టే ముందే అతని చేతికి ఇవ్వండి.